ధర్మకాంట

లారీ ఎక్కుతది, నేను రాస్తా.
నిండు తూకం, ఖాళీ తూకం,
తీసేస్తే మిగిలింది వడ్లు.
మిర్యాలగూడ బైపాసు మీద
పదకొండేండ్ల సంది ఇదే లెక్క.
చీటీ మీద వాలే నలుసును మాత్రం
ఉఫ్‌మని ఊదేసి రాస్తా.
దాన్ని ఏ గడిల ఎక్కించాల్నో
అచ్చేసిన బుక్కుల లేదు.

కోతలు మొదలైతే
వడ్ల లారీలు మైలు పొడుగు నిలబడ్తయి,
బాయిలర్లు రాత్రనక పగలనక ఊక తింటయి.
చప్పుడు లేకుండ దిగుతది బూడిద,
ఆరేసిన పిల్ల లంగా మీద,
పెరుగు గిన్నె మూత మీద,
నిన్ననే తుడిచిన దేవుని పటం మీద.
తెల్లబట్ట కొనుడు మానేసి ఎన్నేండ్లయిందో
మా వాడల ఎవరినైనా అడుగుండ్రి.

పిల్లకు మా అత్త పేరు, సైదమ్మ.
బడిల సాయిశ్రీ.
లేచీ లేవంగనే తొమ్మిది తుమ్ములు,
ఒక్కోనాడు పదమూడు.
మా నాయిన ముత్తిలింగం మొదట్ల
తుమ్ము తుమ్ముకూ "నూరేండ్లు" అనేటోడు.
నెల తిరిగేసరికి దాని ఖాతాల
వేల ఏండ్లు జమైనయి.
ఇప్పుడు అనుడు బందు వెట్టిండు.
ఒక్క తుమ్ముకే ఆగి, నీళ్ళు తాగి కదిలే ఊరు మాది,
ఇన్నిటికి ఆగితే ఏ పనికి ఎప్పుడు బయలెల్లాలె?

అరచేత్తో తోసి తోసి
ముక్కు మీద అడ్డగీత పడ్డది.
కండ్ల కింద నీలం.
"ఇంట్ల కొడ్తున్నరా" అని
టీచరమ్మ చెవుల అడిగిందట.

మొన్న కార్తీకంల బడి మొత్తానికి సర్ది.
పక్కన కూసునే నవనీతకు
మూడొద్దులు ముక్కు కారింది,
నాలుగో నాడు కబడ్డీ ఆడింది.
మా దానికి అదే సర్ది ఛాతీలకు దిగి
పిల్లికూతలు కూసి, జరమై,
పెద్దాసుపత్రిల నెబులైజర్ పెట్టిచ్చి
పదకొండో నాడుగాని వదల్లే.

డాక్టరమ్మ చీటీ ఎనుక బొమ్మ గీసింది.
ముక్కు లోపల సన్నని నూగుంటదట,
వరినారు లెక్క, ఒక్క దిక్కే ఊగుకుంట
పడ్డ చెత్తను ఊడ్చేస్తదట.
పొగ తాకి తాకి ఆ నారు పండుబారుతది,
గట్టు అక్కడక్కడ తెగుతది.
లోపలి కావలోళ్ళు పొట్టుకూ పుప్పొడికీ
దొంగ దొంగ అని అరిచీ అరిచీ...
ఆమె ఇంకా చెప్తనే ఉంది,
నేను నాయిన దిక్కు చూసిన.

నాయిన మా మిల్లులనే రాత్రి కావలి.
కుక్క దాటినా టార్చి ఏస్తడు.
ఓ చలికాలం రాత్రంతా
రేకులు పట్టి గుంజింది గాలి,
ముప్పైసార్లు లేచిండు, ముప్పైసార్లు కూకేసిండు.
తెల్లారగట్ల నిజంగనే
గోడ దునికిన్రు ఇద్దరు.
చూసిండట. నోరు తెరిచిండట.
కూత రాలే.
ఇరవై రెండు బస్తాల పైసలు
ఆయన జీతంల పట్టుకున్నరు.

"గట్లనేనా మేడం?" అన్నడు నాయిన.
"కొంచెం గట్లనే" అన్నదామె, నవ్వకుండ.
ముక్కుల కొట్టే మందు, రెండు పూటల.
ఉప్పునీళ్ళతోటి కడుగుడు.
పొగకూ దుమ్ముకూ దూరంగ ఉంచుడు.
మూడోది చదివి, చీటీ మడిచి
జాకెట్ల పెట్టుకున్న.
దూరమంటే ఎంతమ్మా?
మా గడప నుంచి పొగగొట్టానికి
నూటనలభై అడుగులు, నా అడుగులు.

మిల్లు బందున్న ఓ ఆదివారం
పిల్ల ఉరికొచ్చి కాంట మీద నిలబడ్డది.
"అమ్మా, నన్ను రాయి."
ఎర్ర అంకె ఇరవై కాడ ఆగింది.
లారీలు తూచేది, పదులల్లనే మాట్లాడ్తది,
అందుల పిల్ల ఎంతో
పీల్చింది ఎంతో దానికేం ఎరుక.
పిల్ల తుమ్మింది. అంకె కదల్లే.

అలవాటు కొద్దీ చీటీ చింపిన.
నిండు తూకం గడిల ఇరవై రాసిన.
ఖాళీ తూకం గడి మీద పెన్ను ఆనిచ్చి
ఎంతసేపు కూసున్ననో,
ఎనుక రేకుల రూములకెల్లి
"నూరేండ్లు" అన్నడు నాయిన,
బొంగురు గొంతుతోటి.